సేవ్ బటన్ ఎక్కడికీ పోలేదు

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

నమస్కారం. లైట్లు ఆర్పేస్తున్నారు, వద్దండీ, ఉండనివ్వండి. ఆ కిటికీ తెర కూడా అలాగే ఉంచండి. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

ఈ స్లైడ్ చూడండి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద బూడిద రంగు గళ్ళు. ఎన్ని ఉన్నాయి? ముందు వరస వాళ్ళు చెప్పండి. ఆరు. సరే. మధ్యలో? ఐదు. వెనక వరస? నాలుగా? ఆయనెవరో మూడున్నర అంటున్నారు. సగం గడి ఎలా కనిపించిందండీ మీకు! సరే, ఉన్నదీ లేనిదీ తెలియకుండా ఉందన్నమాట. ఇప్పుడు నా ల్యాప్‌టాప్ సంగతి చెప్తాను. దీంట్లో ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఎనిమిదికీ ఈ మూడున్నరకీ మధ్యలో ఉంది. దాని పేరు కాంట్రాస్ట్, అంటే పక్కపక్కన ఉన్న రెండు రంగుల వెలుగులో తేడా. ప్రోగ్రాం రాసేవాళ్ళం ఎనిమిది చూస్తాం. మంచి మానిటర్, మన గది, మన కళ్ళు. పైగా ఎక్కడ ఏముందో మనకి ముందే తెలుసు, మనమే పెట్టాం కదా. వాడేవాళ్ళకి మూడున్నరే కనిపిస్తాయి. మిగతావి ఉన్నాయని కూడా వాళ్ళకి తెలీదు. కనబడని వస్తువు మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? అందుకే ఈ తప్పు మన బగ్ లిస్టులోకి ఎప్పుడూ రాదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. లెక్కలు ఎంటర్ చేసుకునే డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఒకటి మేం రాస్తుండేవాళ్ళం. ఒక వెర్షన్‌లో దానికి కొత్త రూపం ఇవ్వాలనుకున్నాం. బటన్ల బోర్డర్లు తీసేశాం. టూల్‌బార్ ఐకాన్లన్నీ ఒకటే బూడిద రంగులో సన్న గీతలతో గీయించాం. టెక్స్ట్ బాక్సుల చుట్టూ గీతలు కూడా తీసేసి, లేత నీడ పెట్టాం. చూడ్డానికి ఎంత హాయిగా ఉందో! మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం.

వారం తిరక్కుండానే ఫోన్. పెద్దావిడ. "బాబూ, కొత్త దాంట్లో సేవ్ బటన్ తీసేశారేమిటి?" తీయలేదమ్మా, కింద కుడివైపు ఉంది చూడండి అన్నాను. "లేదు బాబూ." ఉందమ్మా. "లేదు బాబూ." ఇలా ఐదు నిమిషాలు. చివరికి ఆవిడ స్క్రీన్ షేర్ చేయించుకుని చూశాను. ఉంది. అక్కడే ఉంది. ఆవిడ మౌస్ దాని మీదుగానే అటూ ఇటూ తిరుగుతోంది. కొంచెం పైకి, కొంచెం పక్కకి అని చెప్పి చెప్పి ఎలాగో చూపించాను. అప్పుడు ఆవిడ ఏమన్నారో తెలుసా? "అయ్యో, నాదే పొరపాటు బాబూ. ఈ మధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు" అన్నారు. నేనేమన్నాను? "పర్లేదమ్మా" అన్నాను. తప్పు చేసింది నేను, క్షమించిందీ నేనే!

తర్వాత అనుమానం వచ్చి ఇంకొందరిని అడిగాం, మీరు సేవ్ ఎలా చేస్తున్నారని. కొందరు కంట్రోల్ ఎస్ నొక్కుతున్నారు, మంచిదే. కొందరు విండో మూసేస్తున్నారు. మూసేటప్పుడు "మార్పులు సేవ్ చేయాలా?" అని అడుగుతుంది కదా, అప్పుడు ఎస్ అంటున్నారు. మళ్ళీ తెరుచుకుని తర్వాతి ఎంట్రీ చేస్తున్నారు. ప్రతి ఎంట్రీకీ! ఒక్కరంటే ఒక్కరు మాకు చెప్పలేదు. అదే పద్ధతి అనుకున్నారు.

సరే, ఇది ఎందుకు జరుగుతుంది? మనం రంగు చూస్తున్నాం అనుకుంటాం. నిజానికి కన్ను పక్కపక్కన ఉన్నవాటి మధ్య తేడా చూస్తుంది. ఈ సంగతి కంప్యూటర్లు రాకముందే తెలుసు. 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో అద్దకం పనులకి మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. అక్కడ నేతవాళ్ళ ఫిర్యాదు ఏమిటంటే, నల్ల దారం సరిగ్గా నల్లగా ఉండటం లేదు, వెలిసినట్టుంది అని. ఆయన రంగు పరీక్షించాడు. రంగులో ఏ లోపమూ లేదు. ఆ నల్ల దారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేస్తున్నారు, అందుకని అలా కనిపిస్తోంది. తప్పు దారంలో లేదు, దాని పొరుగులో ఉంది. దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1839లో పుస్తకమే వేశాడు.

మనం చేసే పొరపాటు కూడా అచ్చం ఇదే. "ఈ బూడిద రంగు బాగానే ఉంది కదా" అంటాం. దేని పక్కన బాగుంది? రంగుని విడిగా చూసి ఏమీ చెప్పలేం. ఎప్పుడూ జంటగానే చూడాలి.

ఈ జంటని కొలవడానికి లెక్క ఉంది. కొంచెం ఓపిక పట్టండి, ఒక్క ఫార్ములానే చెప్తాను. నలుపు వెలుగు 0, తెలుపు వెలుగు 1 అనుకోండి. రెండు రంగుల్లో వెలుగు ఎక్కువున్న దాని వెలుగుకి 0.05 కలపండి, తక్కువున్న దానికీ 0.05 కలపండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. అంతే. తెలుపు మీద నలుపు అయితే 21 వస్తుంది, అంతకు మించి రాదు. తెలుపు మీద తెలుపు అయితే 1. వెలుగు ఎలా లెక్కేస్తారు? ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానం కావు. ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలం వాటా 0.0722 మాత్రమే. అందుకే చూడండి, తెలుపు మీద పూర్తి నీలం అక్షరాలు 8.59తో దర్జాగా కనిపిస్తాయి, అదే నీలాన్ని నలుపు మీద పెడితే 2.44కి పడిపోతుంది. తెలుపు మీద పసుపు పెట్టి "హెచ్చరిక" అని రాస్తారు కొందరు. అది 1.07. ఆ హెచ్చరిక ఎవరి కోసమో మరి!

ఆ 0.05 ఏమిటి అని అడగాలి మీరు. ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. తెర మీద నలుపు ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. గదిలో వెలుతురు దాని మీద పడి తిరిగి వస్తుంది. దాని కోసం వేసుకున్న అంచనా అది. గదిలో వెలుతురు ఇంకా ఎక్కువుంటే అంచనా తప్పుతుంది. అందుకే మిమ్మల్ని లైట్లు ఆర్పొద్దన్నాను. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మరి ఎంత ఉండాలి? వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని వాళ్ళు రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3. ఇది 2008 నాటి 2.0 వెర్షన్‌లోనే ఉంది. 2018లో వచ్చిన 2.1 వెర్షన్‌లో ఇంకో మాట చేర్చారు, అక్షరాలు కాని వాటికి కూడా, అంటే ఐకాన్లు, టెక్స్ట్ బాక్స్ గీత, చెక్‌బాక్స్ గడి, వీటికి 3 ఉండాలని. ఇవి వెబ్ కోసం రాసినవి కదా అంటారేమో. యూరప్ వాళ్ళ ఈఎన్ 301 549 ప్రమాణం ఇవే అంకెల్ని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కీ వర్తింపజేస్తుంది. అయినా కంటికి తెలుసా, ఎదురుగా ఉన్నది బ్రౌజరో ఇంకోటో?

4.5 అంటే గాలిలోంచి తీసిన అంకె కాదు. 20/40 చూపు ఉన్నవాళ్ళకి, అంటే మామూలు కన్ను 40 అడుగుల నుంచి చదివేదాన్ని 20 అడుగుల నుంచి చదివేవాళ్ళకి, సుమారు 80 ఏళ్ళ వయసులో మామూలుగా ఉండే చూపుకి, సరిపోయేలా లెక్కేసింది. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. 60 ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుగు, 20 ఏళ్ళ కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. నవ్వకండి, మీరూ అక్కడికే వస్తున్నారు. నేనైతే సగం దారి దాటాను.

ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. కంప్యూటర్‌లో రంగుని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలతో రాస్తాం, ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా. మూడూ సమానమైతే బూడిద రంగు. తెలుపు మీద బూడిద రంగు అక్షరాలు పెట్టాలంటే మూడు అంకెలూ 118 పెట్టండి, 4.54 వస్తుంది, పాస్. 119 పెడితే 4.48, ఫెయిల్. అందుకని అందరూ 118 బట్టీ పట్టారు. బాగుంది. కానీ డెస్క్‌టాప్‌లో డైలాగ్ బాక్స్ తెల్లగా ఉంటుందా? విండోస్‌లో మామూలు డైలాగ్ రంగు 240. ఆ 118ని తీసుకెళ్ళి 240 మీద పెట్టండి, 3.99కి దిగిపోతుంది. అక్కడ 109 కావాలి. మళ్ళీ షెవ్రల్ గారి దారమే. పొరుగు మారింది, రంగు వెలిసింది.

మన లిపి గురించి కూడా ఒక్క మాట. గుడికీ గుడి దీర్ఘానికీ మధ్య ఎంత తేడా? ఒక చిన్న మెలిక. చిన్న సైజులో, సన్నటి ఫాంట్‌లో, లేత రంగులో ఆ మెలిక ముందు పోతుంది. వత్తులూ అంతే. కాబట్టి తెలుగు మెనూలు ఉన్న ప్రోగ్రాముల్లో 4.5 దగ్గరే ఆగకండి, 7 దాకా వెళ్ళండి. ఇది ప్రమాణం మాట కాదు, నా మాట.

అక్షరాల సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. అసలు గొడవ అంచులతోనే. 1995లో విండోస్ 95 బటన్ గుర్తుందా? 192 బూడిద రంగు, పైనా ఎడమా తెల్ల గీత, కిందా కుడీ ముదురు గీత. అందం సంగతి అలా ఉంచండి, బటన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుడ్డిగా చెప్పొచ్చు. నొక్కితే ఆ గీతలు తారుమారయ్యేవి, లోపలికి వెళ్ళినట్టు ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి అంతా చదునైపోయింది. చదునుగా ఉండటం తప్పని నేను అనను. అంచు తీసేసినప్పుడు అది చేసే పని ఇంకెవరో ఒకరు చెయ్యాలి కదా? బ్యాక్‌గ్రౌండ్ తేడాతోనో, ఇంకోలాగో. ఎవరికీ అప్పజెప్పకుండానే తీసేశాం.

ఆ ఏడాదే, ప్రోగ్రాములు రాయడానికి వాడే విజువల్ స్టూడియో కొత్త వెర్షన్ బీటాలో ఐకాన్ల రంగులన్నీ తీసి బూడిద రంగులోకి మార్చారు. వాడేవాళ్ళు గొడవ చేశారు, తర్వాతి విడుదలలో కొంత రంగు తిరిగొచ్చింది. ఎందుకు గొడవ? పదేళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఐకాన్ బొమ్మ చూడరు, రంగు మచ్చ చూసి చెయ్యి వెళ్తుంది. అన్నీ ఒకే రంగైతే ఒక్కొక్కటీ చదువుకోవాలి. అక్కడ వాడేవాళ్ళు ప్రోగ్రామర్లు, వాళ్ళకి అరవడం వచ్చు. మా పెద్దావిడకి రాదు.

స్క్రోల్‌బార్ కూడా అంతే. మౌస్ దగ్గరికి వెళ్తే తప్ప కనిపించదు. మరి కింద ఇంకా సరుకుందని ఎలా తెలుస్తుంది? ముందే తెలిస్తే కదా దగ్గరికి వెళ్ళేది! మ్యాక్‌లోనూ విండోస్ 11లోనూ ఎప్పుడూ చూపించమనే సెట్టింగ్ ఉంది. మీ ప్రోగ్రాంలో సొంతంగా స్క్రోల్‌బార్ గీస్తుంటే మాత్రం ఆ సెట్టింగ్ మీకు వర్తించదు, మీరే చూసుకోవాలి.

ఇప్పుడు ఫోకస్. కీబోర్డుతో పనిచేసేవాళ్ళకి ఇదే ప్రాణం. ట్యాబ్ నొక్కుతూ పోతుంటే ఇప్పుడు నేను ఎక్కడున్నాను? ఏ గడిలో టైప్ అవుతుంది? పాత విండోస్‌లో చుక్కల గీత గీసేవాళ్ళు. దాన్ని గీసే పద్ధతి గమ్మత్తుగా ఉండేది, కింద ఉన్న రంగుని తిరగేసేవాళ్ళు. తెలుపు మీద నల్లగా, నలుపు మీద తెల్లగా కనిపించేది. తెలివైన పనే, కానీ సరిగ్గా మధ్య బూడిద రంగు, 128 తీసుకోండి. తిరగేస్తే 127. కనిపిస్తుందా? ఇప్పుడు మెరుగైన పద్ధతి రెండు గీతలు గీయడం, ఒకటి ముదురు, ఒకటి తెలుపు, పక్కపక్కనే. బ్యాక్‌గ్రౌండ్ ఏదైనా రెండింటిలో ఒకటి తేలుతుంది. విండోస్ 10 యాప్‌లలో ఫోకస్ అలాగే గీస్తారు. మీకు ఏ థీమ్ వస్తుందో తెలియనప్పుడు ఇంతకంటే తేలిక దారి నాకు తెలీదు.

సరే, ఇప్పుడు చెప్పేది కోడ్ రాసేవాళ్ళు కొంచెం నిటారుగా కూర్చుని వినండి. నేను చూసిన ప్రోగ్రాముల్లో కాంట్రాస్ట్ పాడవడానికి మొదటి కారణం డిజైన్ కాదు. ఒక్క లైను కోడ్. ఎవరో ఎప్పుడో టెక్స్ట్ బాక్స్‌లో అక్షరాల రంగు నలుపు అని హార్డ్‌కోడ్ చేశారు, అంటే మారకుండా కోడ్‌లోనే రాసేశారు. బ్యాక్‌గ్రౌండ్ సంగతి ముట్టుకోలేదు, అది సిస్టమ్ ఇస్తుంది. తెల్లగానే ఉంటుంది కదా అనుకున్నారు. ఏళ్ళ తరబడి తెల్లగానే ఉంది. ఒక రోజు వాడేవాళ్ళు డార్క్ థీమ్ పెట్టుకున్నారు. నలుపు మీద నలుపు. టైప్ చేస్తున్నారు, పడుతోంది, కనిపించట్లేదు.

దీని రెండో రూపం ఇంకా నవ్వొస్తుంది. ప్రోగ్రామర్ డార్క్ థీమ్ వాడతాడు. అతని దగ్గర అక్షరాలు తెల్లగా బాగున్నాయి. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి లేతగా కావాలని లేత పసుపు పెట్టాడు. ఇక లేత పసుపు మీద తెల్ల అక్షరాలు!

కాబట్టి నియమం ఒక్కటే. జంటని విడదీయకండి. అక్షరాల రంగు మీరు పెడితే బ్యాక్‌గ్రౌండ్ కూడా మీరే పెట్టండి. సిస్టమ్ నుంచి ఒకటి తీసుకుంటే రెండోదీ సిస్టమ్ నుంచే, అదీ దాని జోడీనే తీసుకోండి. విండోస్‌లో విండో రంగుకి విండో టెక్స్ట్ జోడీ, హైలైట్‌కి హైలైట్ టెక్స్ట్ జోడీ. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే టూల్‌కిట్ క్యూటీలో అయితే పాలెట్ ఉంటుంది, బేస్‌కి టెక్స్ట్ జోడీ. మ్యాక్‌లో అక్షరాలకి లేబుల్ కలర్ ఉంటుంది, థీమ్‌తో పాటు అదే మారుతుంది. మరి ఐకాన్లు? బ్యాక్‌గ్రౌండ్ లేకుండా నల్ల గీతలతో గీసిన ఐకాన్ కూడా సగం జంటే అని గుర్తుపెట్టుకోండి.

రెండూ నేనే పెట్టేస్తే గొడవ లేదుగా అంటారా? చదవడానికి కనిపిస్తుంది, నిజమే. కానీ విండోస్‌లో హై కాంట్రాస్ట్ అని ఉంది, విండోస్ 11లో దాని పేరు కాంట్రాస్ట్ థీమ్స్. మ్యాక్‌లో కాంట్రాస్ట్ పెంచే సెట్టింగ్ ఉంది, పారదర్శకత తగ్గించేది ఉంది. ఒక మనిషి వెతుక్కుని వెళ్ళి అది పెట్టుకున్నాడంటే, నాకు ఇలా అయితేనే కనిపిస్తుంది అని చెప్తున్నాడు. కంప్యూటర్ మొత్తం విన్నది. మీ ప్రోగ్రాం ఒక్కటే "మా బ్రాండ్ రంగు లేత నీలం" అంటుంది. వాడేవాళ్ళు ఇప్పటికే అడిగిన దాన్ని వినండి చాలు, సగం పని అయిపోయినట్టే. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్, మూడూ కలిపి నొక్కండి, విండోస్‌లో హై కాంట్రాస్ట్ వస్తుంది. ఈ రాత్రి ఇంటికెళ్ళి మీ ప్రోగ్రాం మీద నొక్కి చూడండి. టెన్షన్ పడకండి, మళ్ళీ నొక్కితే పోతుంది.

డిసేబుల్ అయిన బటన్ల మాట ఎవరో ముందే అడిగారు. వాటికి ప్రమాణం మినహాయింపు ఇచ్చింది, ఎంత లేతగా ఉన్నా తప్పు కాదు. నాకు అది నచ్చదు. బటన్ పనిచేయడం లేదని తెలియాలంటే ముందు బటన్ ఉందని తెలియాలి కదా. 204 రంగు అక్షరాలు తెలుపు మీద 1.6. అది మినహాయింపు కాదు, మాయం చేయడం. నేనైతే 3కి కిందకి పోనివ్వను. 148 పెట్టండి, తెలుపు మీద 3.03 వస్తుంది.

రంగు ఒక్కదానితోనే కబురు చెప్పకండి అన్నది మీకు తెలిసిందే, త్వరగా దాటేస్తాను. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా సరిగ్గా తెలీదు. పూర్తి ఎరుపు, 128 ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి కొలిస్తే 1.3 కూడా రాదు. ఒకదాని పక్కన టిక్కు, ఒకదాని పక్కన ఇంటూ పెట్టండి, అయిపోతుంది.

వెలుతురు దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. తెర మీద తెలుపు 250 నిట్స్ ఇస్తోందనుకోండి. కిటికీ వెలుతురు పడి తెర 25 నిట్స్ తిప్పి పంపుతోంది. డార్క్ థీమ్‌లో నలుపు మీద 110 బూడిద రంగు అక్షరాలు. ఫార్ములా ప్రకారం 4.1. ఇప్పుడు లెక్క వేయండి. అక్షరం సొంత వెలుగు 39, దానికి 25 కలిపితే 64. నలుపు సున్నా అనుకున్నాం, అదిప్పుడు 25. భాగిస్తే 2.56. అదే తెలుపు మీద 148 అక్షరాలు, 3.03 అనుకున్నాం, అదే కిటికీ ముందు 2.8 దగ్గర ఆగుతుంది. చూశారా? వెలుతురు ముందుగా కాటేసేది నలుపుని. అందుకే డార్క్ థీమ్‌లో లేత గీతలు, బూడిద నీడలు ఇంకాస్త గట్టిగా ఉండాలి. రాత్రి పన్నెండింటికి లైట్లార్పుకుని రంగులు ఎంచుకునేవాళ్ళు మన దాంట్లో చాలామంది ఉన్నారు. పొద్దున్న లేచి మళ్ళీ చూడండి.

పరీక్షించడం ఎలా? ఐడ్రాపర్ ఉన్న టూల్స్ ఉన్నాయి, కలర్ కాంట్రాస్ట్ అనలైజర్ లాంటివి. తెర మీద ఎక్కడైనా రంగు తీసుకుని కొలుస్తాయి. ఒక జాగ్రత్త, సన్నటి అక్షరం అంచు మీద పెడితే కలిసిపోయిన రంగు వస్తుంది, అక్షరం మధ్యలో పెట్టండి, లేదా కోడ్‌లో ఉన్న రంగే తీసుకోండి. ఏ టూలూ లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మానిటర్ వెలుగు పావు వంతుకి తగ్గించండి. కుర్చీ వెనక్కి జరిపి కళ్ళు చికిలించి చూడండి. ఏం మిగిలిందో అదే మీ ప్రోగ్రాం.

మా సేవ్ బటన్‌కి చివరికి ఏం చేశామంటే, ముదురు గీత తిరిగి పెట్టి, అక్షరాలు నల్లగా చేశాం. రెండు గంటల పని. దాని గురించి వాదించుకోవడానికి మాత్రం మూడు మీటింగులు పట్టింది.

నా మాటలు చాలు. ఇప్పుడు మీలో ఒకరు ల్యాప్‌టాప్ తీసుకుని ఇక్కడికి రండి, మీ సొంత ప్రోగ్రాం తెరిచి ఈ కేబుల్ పెట్టండి. లైట్లు అలాగే ఉంచండి. ముందు వరస వాళ్ళు దయచేసి మాట్లాడొద్దు. వెనకాయన, మూడున్నర అన్నాయన, మీరు చెప్పండి. సేవ్ బటన్ ఎక్కడుంది?